బెజ్జాలు లేని మూత

మావ్‌జౌ నది పొంగి షాజింగ్ వీధుల్లో పడవలు తిరిగిన ఏడు అది. నీళ్లు వేసవిలో వచ్చాయి, పోయాయి. గోడల మీద నడుమెత్తున మట్టి గీత మాత్రం మిగిలింది. ఆ గీత ఇంకా చెరగకముందే, చలిగాలి తిరిగిన రోజుల్లో, షె జిన్‌షెంగ్ కార్ఖానా మూడో అంతస్తులో ఒక ఈ-సిగరెట్ గొట్టం పేలింది. పాన్ దెషున్ అనే పరీక్షకుడికి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. దవడ విరిగింది. ప్రాణం ఉంది గాని మాట లేదు.

బీమా కంపెనీ తరఫున జువాంగ్ బింగ్‌కున్ వచ్చాడు. ఒకప్పుడు పోలీసు. ఉద్యోగం అయిపోయాక ఊరికే కూర్చోలేక బీమావాళ్ల దగ్గర చేరాడు. మాట తక్కువ మనిషి. ఆయన మెట్లెక్కుతుండగానే బీమా కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. కొత్త మూత డిజైన్‌లో లోపమని రెండు ముక్కలు రాసి పంపితే చాలన్నాడు. డిజైన్ లోపమైతే బీమా వర్తించదు, పాన్ కుటుంబానికి కంపెనీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. జువాంగ్ విన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ కార్ఖానా సంగతి ఆయనకు కొంత తెలుసు. వరదకు అక్కడి పాత మూతల సరుకంతా మునిగిపోయిందని షె యజమాని రాసిచ్చాడు. కంపెనీ డబ్బు కట్టింది. ఆ తర్వాత ఆ రకం గొట్టాల తయారీ ఆగిపోయిందనీ, కొత్త మూత వచ్చాకే మళ్లీ మొదలనీ కాగితాల్లో ఉంది.

కొత్త మూత గీసిన అమ్మాయి పేరు ఔ మెయ్‌జెన్. అక్కడి ఆల్చిప్పల బెస్తవాళ్ల పిల్ల, చదువుకుని ఇంజనీరు అయింది. సాయంత్రం లోపల ఆమె తప్పు ఒప్పుకుంటూ వేలిముద్ర వెయ్యాలని, వేసినా వెయ్యకపోయినా తీసుకుపోతామని పోలీసులు చెప్పేశారు.

జువాంగ్ వెళ్లేసరికి ఆమె కింద భోజనశాలలో కూర్చుని ఉంది. పక్కన ఒక ఆడ పోలీసు. ఎదురుగా ఆల్చిప్పల అట్టు. ఏడుస్తూ ఉంటుందనుకున్నాడు. తింటోంది. మిరప పచ్చడి అద్దుకుని మరీ తింటోంది.

"కూర్చోండి బాబాయ్. జైల్లో ఇలాంటివి పెట్టరటగా, అందుకని తినేస్తున్నా. మీరు కూడా వేలిముద్రకేనా?"

"మూత గురించి అడుగుదామని."

ఆమె తినే పుల్లలు కింద పెట్టింది. "మధ్యాహ్నం నించీ అందరూ నా గురించే అడిగారు. మూత గురించి అడిగింది మీరే."

ఆమె బల్ల మీది సోయా సీసా తీసుకుంది. మూత తిప్పుతూ చెప్పింది. ఆ గొట్టంలో బ్యాటరీని తలకిందులుగా పెట్టాలి. పాజిటివ్ తల అడుగు మూత వైపు ఉంటుంది. ఛార్జింగ్ కోసం రోజూ తియ్యాలి, రోజూ పెట్టాలి. పాత మూతలో రాగి బిళ్ళ మూతకే అతికి ఉండేది. మూత తిప్పినప్పుడల్లా బిళ్ళ కూడా తిరుగుతుంది, బ్యాటరీ నెత్తిని గీకుతుంది.

"తిరగలి చూశారా బాబాయ్? అదే. పై రాయి తిరుగుతుంటే కింద రాయి అరక్క ఏం చేస్తుంది? నెత్తి చుట్టూ చిన్న కాగితం చక్రం ఉంటుంది. దాని మీద పల్చటి తొడుగు. ఆ రెండూ అరిగితే కింద ఉక్కు అంచు బయటపడుతుంది. అప్పుడు బిళ్ళ నెత్తినీ అంచునీ ఒకేసారి ముట్టుకుంటుంది. లోపలున్నదంతా ఒక్క గుక్కలో బయటికొచ్చేస్తుంది."

"ఆవిరి ఎటు పోతుంది?"

"ఎటూ పోదు. పాత మూతకి బెజ్జాలు లేవు. అందుకే నా మూత." ఆమె సీసా మూత బల్ల మీద బోర్లించి మధ్యలో వేలు పెట్టింది. "నా దాంట్లో బిళ్ళ లేదు, బొడిపె ఉంది. మూత తిరిగినా అది తిరగదు. నెత్తి మధ్యలో మాత్రమే ఆనుతుంది. గీత పడదు, చుక్క పడుతుంది. పక్కన నాలుగు బెజ్జాలు. లోపల ఏమైనా అయితే బుస్సుమంటుంది గాని పేలదు."

మరి పాన్ గొట్టానికి ఉన్నది ఆమె మూతేనని పోలీసులు అంటున్నారు. ఆ సంగతి అడిగాడు. అది ఎలా వచ్చిందో తనకు తెలియదంది. మూతలు పోసే అచ్చు తుప్పు పట్టిందని బాగుచేయించడానికి రెండు వారాలుగా పక్క ఊరిలో అచ్చులవాళ్ల దగ్గరే ఉందట. ఈ రోజు తిరిగి వస్తుంటే గేటు దగ్గర అంబులెన్సు ఎదురొచ్చిందట. వెళ్లేముందు ఆమే పాన్‌కి ఒక మూత ఇచ్చి వెళ్లిందని షె యజమాని చెబుతున్నాడు.

"ఇవ్వడానికి ఉంటే కదా. అచ్చు చెడకముందు వచ్చినవి ఐదు. రెండు కోసి చూశాం. రెండు నా బీరువాలో ఉన్నాయి, పోలీసోళ్లు సీలు కూడా వేశారు."

"ఐదోది?"

"నేలతాత దేవుడిది. కొత్త అచ్చులో తొలి ముక్క ఆయనకే కదా. ఆయన దగ్గర పెట్టాక దాన్నెవరు ముట్టుకుంటారు?"

జువాంగ్ లేచాడు. ఆమె మళ్లీ పుల్లలు అందుకుంది.

"బాబాయ్, నేను వేలిముద్ర వెయ్యను. నా మూత తప్పు చేసుంటే మీ కంటే ముందు నేనే చెప్పేదాన్ని. చెయ్యలేదు. రాత్రంతా కూర్చోబెట్టినా ఇదే మాట."

"వెయ్యకు," అన్నాడు జువాంగ్.

పైన పరీక్ష గది ముందు పోలీసు కెప్టెన్ గెంగ్ లీ నిలబడి ఉన్నాడు. ఉత్తరాది మనిషి, నిలువెత్తు. ఉద్యోగంలో చేరిన కొత్తలో జువాంగ్ కిందే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ ప్రాంతానికి పెద్ద. పై జేబులో నల్లటి ఈ-సిగరెట్ గొట్టం కలంలా తగిలించుకుని ఉన్నాడు.

"రండి గురువుగారూ. బీమావాళ్లకి ఇంకా మీరే దొరికారా? కళ్లజోడు తెచ్చుకున్నారా లేదా?"

"నీ కళ్లు ఉన్నాయిగా," అన్నాడు జువాంగ్, లోపలికి నడుస్తూ.

గదిలో కాలిన వాసన. బల్ల మీద గొట్టం అరటిదొప్పలా చీలి ఉంది. దాని మీద ఆకుపచ్చ రంగు చుక్క. బ్యాటరీ కాలి బొగ్గయింది, దాన్నుంచి తెలిసేది ఏమీ లేదు. మూత బల్ల కింద దొరికిందట, ఇప్పుడు గాజు పళ్లెంలో ఉంది. జువాంగ్ చేతులకు తొడుగులు వేసుకుని దాన్ని తీశాడు. మధ్యలో బొడిపె, చుట్టూ నాలుగు బెజ్జాలు. మెయ్‌జెన్ చెప్పిన మూతే. మర చుట్లు శుభ్రంగా ఉన్నాయి.

గెంగ్ తన వాదన చెప్పాడు. కొత్త మూత మర పట్టు తక్కువ. లోపలి ఒత్తిడికి ఊడి ఎగిరింది. అందుకే మూతకి దెబ్బ తగల్లేదు. పిల్ల తొందరపడి గీసింది, ఒక మనిషి చెయ్యి పోయింది. ఇందులో తేల్చడానికి ఏముందన్నాడు.

జువాంగ్ మూతను చేతిలోనే ఉంచుకున్నాడు. గోడ వారగా ఉన్న ఛార్జింగ్ పెట్టెల వరస దగ్గరికి వెళ్లాడు. ఆ గదుల పద్ధతి ఆయనకు తెలుసు. పరీక్షకు పెట్టిన ప్రతి గొట్టానికీ రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి గొట్టంలో ఉంటే ఒకటి ఛార్జింగ్‌లో. కలిసిపోకుండా గొట్టానికీ రెండు బ్యాటరీలకీ ఒకే రంగు చుక్క పెడతారు. ఎరుపు, పసుపు, నీలం చూసుకుంటూ పోయాడు. చివర ఆకుపచ్చ. దాన్ని తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు.

నెత్తి చుట్టూ మెరిసే గీత గుండ్రంగా పడి ఉంది. ఒకటి కాదు, గీత మీద గీత. తొడుగు అంచు పొట్టులా లేచింది. కాగితం చక్రం ఒక పక్క చిరిగింది.

"ఇది కాలినదాని జంట. అదే గొట్టంలో రోజు మార్చి రోజు ఇదీ ఉంది. దీని నెత్తి చూడు."

గెంగ్ వంగి చూశాడు. "అరిగింది. అయితే?"

"ఆ మూతలో బొడిపె తిరగదు. తిరగంది గీత ఎలా గీసింది?"

గెంగ్ బ్యాటరీని తిప్పి చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ బ్యాటరీని అంతకుముందు వేరే పాత గొట్టంలో వాడి ఉంటారని, రంగు చుక్క తర్వాత పెట్టి ఉంటారని అన్నాడు. కోర్టులో ఇలాంటి గీతలు నిలబడవని కూడా అన్నాడు.

"కావచ్చు," అన్నాడు జువాంగ్. జేబులోంచి పళ్లపుల్ల తీసి మూత బెజ్జంలో పెట్టి తిప్పాడు. బూడిద రంగు పొడి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని గెంగ్ వైపు చాచాడు.

"బ్యాటరీ బూడిద," అన్నాడు గెంగ్.

"వాసన చూడు."

చూశాడు. మొహం మారలేదు గాని రెండోసారి చూశాడు. గంధం వాసన.

"ఫోటోలు ఎప్పుడు తీశారు?" అని అడిగాడు జువాంగ్.

కెమెరా మనిషి నగరం నుంచి రావాలి, దారిలో బండి చిక్కుకుంది, మధ్యాహ్నం కునుకు అయ్యాక వచ్చాడు. అంతకుముందు ఒక్క ఫోటో కూడా లేదు. పేలుడు భోజనాల గంటకు కాస్త ముందు. పోలీసులు వచ్చింది భోజనాల వేళకు. వచ్చాక గెంగ్ గదిలోకి తొంగి చూసి తలుపు మూశాడు. ఒక కానిస్టేబులును కింద గేటు దగ్గర పెట్టి ఎవరినీ బయటికి పోనివ్వలేదు. తాను ఎదురుగా ఉన్న యజమాని గదిలో, ఈ తలుపు కనపడేలా కూర్చున్నాడు. తర్వాత ఏ కార్ఖానాలోనైనా జరిగేదే జరిగింది. దీపాలు ఆర్పేశారు. మనిషి పోతే తప్ప షాజింగ్‌లో మధ్యాహ్నం కునుకు ఆగదు. కూలీలు మడత మంచాల మీద, బల్లల మీద తలలు వాల్చి పడుకున్నారు.

"ఆ చీకట్లో ఎవరైనా వచ్చి మూత మార్చి ఉంటే?"

"నా కళ్ల ముందు నించి వెళ్లాలి." గెంగ్ గొంతు గట్టిపడింది. "నేను తలుపుకెదురుగా కూర్చున్నా. షె గారు నా పక్కనే టీ పోస్తున్నారు. ఆయన కదల్లేదు, నేను కదల్లేదు. మా ఊళ్లో మగాడు పగలు పడుకోడు గురువుగారూ. ఇది మీ దక్షిణాది రోగం."

"నువ్వు పడుకోలేదు."

"పడుకోలేదు. ఇంకోసారి అడగొద్దు. మీ కింద పని చేసిన రోజులు అయిపోయాయి. సాయంత్రం ఆ అమ్మాయిని తీసుకెళ్తున్నా, మీరు అడ్డం రావద్దు."

"వస్తాను," అన్నాడు జువాంగ్.

నడవా చివర మెట్ల పక్కన నేలకు ఆనించి ఎర్రటి చిన్న గూడు. నేలతాత గూడు. ఆయన ముందు బూడిద గిన్నె, మూడు టీ కప్పులు, పక్కన వరసగా ప్రతి కొత్త అచ్చులో వచ్చిన తొలి ముక్కలు. కొన్ని ఏళ్ల నాటివి, దుమ్ము పట్టినవి. వాటిలో గెంగ్ జేబులోని గొట్టం రకానికి చెందిన పాత మూత కూడా ఒకటి. జువాంగ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. వరస చివర, అగరొత్తుల బూడిద ఎక్కువగా రాలేచోట, గుండ్రటి ఖాళీ. అక్కడ మాత్రం దుమ్ము లేదు. దాని ఎదురుగా ఆకులతో సహా రెండు కమలాపండ్లు. గిన్నెలో మూడు అగరొత్తుల మొదళ్లు, ఇంకా నల్లబడనివి.

అంతస్తు ఊడ్చే తాన్ ఆయమ్మ చీపురుతో అటుగా వచ్చింది. హునాన్ నుంచి వచ్చి షాజింగ్‌లోనే ముసలిదైంది. పండ్లు ఆమె పెట్టిందా అని అడిగాడు.

"నేనా? ఇవాళ పాడ్యమా, పున్నమా? నేను పెట్టేది ఆ రెండు రోజులే. కునుకు లేచి వస్తే వాసన వేస్తోంది. పేలుడికి జడుసుకుని ఎవరో మొక్కుకున్నారులే అనుకున్నా. మంచి పండ్లు. ఆకులు కూడా వాడలా."

"రెండే పెట్టారు."

"అదే నాకూ వింతగా ఉంది. మా వైపు పెడితే మూడు పెడతాం, లేకపోతే ఐదు. జంటగా పెట్టేది చావ్‌జౌ వాళ్లేగా."

"ఈ కట్టడంలో చావ్‌జౌ వాళ్లు ఎంతమంది?"

ఆమె చీపురు మీద గడ్డం ఆనించి ఆలోచించింది. "షె యజమాని. యాసను బట్టి చూస్తే ఇప్పుడు మీరూ."

జువాంగ్ ఆ రెండు పండ్లనూ చూశాడు. ఆయన తల్లి ఇల్లు కదిలితే చేతిలో రెండు కమలాపండ్లు ఉండాల్సిందే. చుట్టాల ఇంటికైనా, దేవుడి దగ్గరికైనా. ఉత్త చేతులతో వెళ్లడం, ఒక్క పండుతో వెళ్లడం రెండూ తప్పే. మనుషులను మోసం చేసేవాడు కూడా నేలతాత దగ్గర తీసుకుని ఊరికే పోలేడు. బయటివాడైతే మూత తీసుకుని చీకట్లో జారుకునేవాడు. వీడు మూత తీసుకున్నాడు, ఎందుకు తీశానో చెప్పుకున్నాడు, ఒత్తులు వెలిగించాడు, పండ్లు పెట్టి దండం కూడా పెట్టి ఉంటాడు.

షె యజమాని గది నిండా టీ వాసన. పరీక్ష గది తలుపు అక్కడి నుంచి నేరుగా కనపడుతోంది. గెంగ్ చెప్పింది అబద్ధం కాదు. చెక్కిన పెద్ద టీ బల్ల వెనక షె జిన్‌షెంగ్ కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మెత్తటి చేతులు. జువాంగ్‌ను చూడగానే లేచి సొంత యాసలో పలకరించాడు. గెంగ్ వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు మనోడివి. ముందు టీ తాగు. పని ఎక్కడికి పోతుంది?"

మూడు చిన్న కప్పుల్లో పోశాడు. జువాంగ్ మర్యాదకు రెండు వేళ్లతో బల్ల మీద తట్టి కప్పు అందుకున్నాడు. బల్ల చివర వెదురు గంపలో కమలాపండ్లు, ఆకులతో. ఆయన వాటిని చూశాడు. షె ఆయన చూడడం చూశాడు.

షె తన బాధ చెప్పుకున్నాడు. పాన్ తనకు తమ్ముడి లాంటివాడు, ఆసుపత్రి ఖర్చు తనదే. మెయ్‌జెన్ మంచి పిల్లే గాని దుడుకు. ఆడపిల్లను కేసులో పెట్టడం తనకూ ఇష్టం లేదు, కానీ నిజం నిజమే కదా. చెబుతూనే కప్పులు కడిగి ఆ నీళ్లు అడుగున మురుగు గొట్టం ఉన్న టీ పళ్లెంలో పోశాడు. నీళ్లు కిందికి దిగలేదు. పళ్లెం నిండి అంచు దాకా వచ్చి నిలబడ్డాయి. షె ఒక గుడ్డ అందుకుని తుడిచాడు.

"మురుగు గొట్టం అడ్డుపడ్డట్టుంది," అన్నాడు జువాంగ్.

"టీ ఆకు అన్నా. రేపు తీయిస్తా."

"మనవైపు ఇంట్లో మురుగు టీ సాయంత్రం దాకా ఉంచరే."

"ఇవాళ ఇంట్లో ఉన్నట్టుందా నీకు?"

జువాంగ్ కప్పు కింద పెట్టి బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. బల్ల కింద మురుగు టీ పడే బకెట్టు ఉంది. దాని నిండా నానిన ఆకు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి లోపలికి పెట్టాడు. షె లేచాడు. కెప్టెన్‌గారూ, ఇదేమిటని అడిగాడు. గెంగ్ కదల్లేదు.

జువాంగ్ చెయ్యి బయటికొచ్చింది. అరచేతిలో తడి ఆకు మధ్య ఒక మూత. నల్లగా మసిబారింది. మర చుట్లు ఒక పక్క ఒరుసుకుపోయాయి. లోపల రాగి బిళ్ళ అతికి ఉంది. బెజ్జాలు లేవు.

దాన్ని కప్పుల మధ్య పెట్టాడు.

"నీళ్లలో చచ్చిపోయిందని నువ్వు సంతకం పెట్టిన మూత. లేచొచ్చి పాన్ వేళ్లు తీసుకుంది."

షె మళ్లీ కూర్చున్నాడు. తొందర పడలేదు. వరదలో వేలల్లో పోయాయి, ఒకటో రెండో ఎక్కడో మిగిలి ఉంటాయన్నాడు. ఏ పనివాడో పారేసి ఉంటాడన్నాడు. "ఇది ఈ బకెట్లోకి ఎవరు వేశారో నాకేం తెలుసు? మధ్యాహ్నమంతా నేను కెప్టెన్ గారి పక్కన ఉన్నా. అడుగు, ఆయనే చెప్తారు."

జువాంగ్ గెంగ్ వైపు తిరిగాడు. గెంగ్ చూపు మూత మీద ఉంది.

"చెప్పానుగా గురువుగారూ. కదల్లేదు."

"సరే. నీ జేబులో ఉన్నది ఎవరిచ్చారు?"

గెంగ్ చెయ్యి తనకు తెలియకుండానే గుండె దగ్గరికి వెళ్లింది. షె గారే ఇచ్చారన్నాడు. చందమామ పండక్కి, అప్పాల పెట్టెతో పాటు. అందులో తప్పేముందన్నాడు.

"వరద ముందు వచ్చిందా, చందమామ పండగ ముందు వచ్చిందా?"

"వరదే ముందు," అన్నాడు గెంగ్.

"అడుగు మూత తిప్పు. మెల్లగా."

గెంగ్ గొట్టాన్ని జేబులోంచి తీసి కిందివైపు చూశాడు. నున్నగా ఉంది. బెజ్జాలు లేవు. వేళ్లతో పట్టి తిప్పాడు. మూత లోపల ఇసుక నలిగినట్టు చిన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు రోజూ విని ఉంటాడు. బ్యాటరీ జారి అరచేతిలో పడింది. నెత్తి చుట్టూ గీత, గీత మీద గీత. తొడుగు పూర్తిగా పోయింది. కాగితం చక్రంలో వెంట్రుకంత పోగు మాత్రం మిగిలి, దాని కింద ఉక్కు తెల్లగా కనపడుతోంది.

"ఎన్నాళ్లైనా గుండె మీదే పెట్టుకుని తిరిగేవాడివి," అన్నాడు జువాంగ్.

గెంగ్ బ్యాటరీని బల్ల మీద పెట్టాడు. గొట్టాన్ని దానికి దూరంగా పెట్టాడు. కాసేపు తలుపు వైపు, ఎదురుగా కనపడే పరీక్ష గది తలుపు వైపు చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పడుకున్నా," అన్నాడు.

"వినపడలా."

"కునుకు పట్టింది. దీపాలు తీసేశారు, పొద్దున నాలుగింటికి లేచా. కళ్లు తెరిచేసరికి ఈయన నాకు కప్పు అందిస్తున్నాడు." గొంతు సవరించుకున్నాడు. "టీ చల్లగా ఉంది. అప్పుడు పట్టించుకోలా. ఈయన చేతి టీ ఎప్పుడూ నాలుక కాలేలా ఉంటుంది."

ఆ మాట అతను కాగితం మీద కూడా రాశాడు. రాస్తున్నప్పుడు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఆ కాగితంతో అతనికి ఏమవుతుందో జువాంగ్‌కు తెలుసు, అతనికీ తెలుసు. అయినా రాశాడు. జువాంగ్ అతనికి పని నేర్పిన రోజుల తర్వాత మొదటిసారి భుజం మీద చెయ్యి వేశాడు.

షె జిన్‌షెంగ్ మాత్రం తల వంచలేదు. చేతులకు బేడీలు వేస్తుంటే జువాంగ్ వైపు చూసి నవ్వాడు. తమవాళ్లకు మాత్రమే అర్థమయ్యే యాసలో అన్నాడు.

"నన్ను పట్టుకున్నావు అన్నా. మూతల్ని ఎలా పట్టుకుంటావు? కడిగి, ఆరబెట్టి, అన్నీ బిగించా. లారీ నిన్ననే ఈ ఊరి ఈ-సిగరెట్ల బజారుకి వెళ్లింది. రేపు పొద్దున బజారు తలుపులెత్తితే జేబుకొకటి."

"నేలతాతకి పండ్లు పెట్టావు. ఆ జేబులవాళ్లకి ఏం పెట్టావు?"

షె బేడీల చేతులతో తలుపు వైపు నడిచాడు.

మెయ్‌జెన్‌ను వదిలేశారు. ఆమె వేలిముద్ర వెయ్యాల్సిన కాగితాన్ని ఆడ పోలీసే చింపింది. ఆమె నేరుగా మెట్లెక్కి వచ్చి బల్ల మీదున్న గెంగ్ బ్యాటరీని చూసింది. చాలాసేపు చూసింది. ఇంకెన్ని ఉన్నాయని అడిగింది. జువాంగ్ లారీ సంగతి చెప్పాడు. దుకాణాలు మూయించడానికి పై నుంచి ఉత్తర్వు రావాలి, రావడానికి రెండు మూడు రోజులు పడుతుందని గెంగ్ చెప్పాడు. ఈ రాత్రి నుంచి తన మాట ఎవరూ వినరని కూడా చెప్పాడు.

మేనేజరు మళ్లీ ఫోను చేశాడు. సంగతంతా విన్నాడు. తర్వాత మెత్తగా మొదలుపెట్టాడు. మునిగిపోయాయని నమ్మి డబ్బు కట్టింది మన కంపెనీ, ఆ మూతలు బజారులో ఉన్నాయని మనమే చాటింపు వేస్తే మన పరువేం కావాలన్నాడు. ఉత్తర్వు వచ్చేదాకా నోరు మెదపొద్దన్నాడు. మెదిపితే ఉద్యోగం ఉండదన్నాడు.

"ఉండనక్కర్లేదు," అని జువాంగ్ ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున, బజారు ఇనప తలుపులు ఎత్తకముందే, ఆయన ఒక రేకు బకెట్టు నిండా ఇసుక నింపుకుని వచ్చాడు. పెద్ద గేటుకు అడ్డంగా పొట్టి పీట వేసుకుని కూర్చున్నాడు. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసింది మెయ్‌జెన్. గొట్టం అడుగు మూతకి బెజ్జాలు లేకపోతే ఇందులో పడెయ్యండి, అంతే. ఆమె కూడా రెండో బకెట్టుతో వచ్చి అవతలి గేటు దగ్గర కూర్చుంది. కాస్సేపటికి మామూలు చొక్కాలో గెంగ్ వచ్చాడు. మూడో గేటు ఎటని అడిగాడు.

బజారు కాపలావాడు కర్ర ఊపుకుంటూ జువాంగ్ మీదికి వచ్చాడు. ఇక్కడ కూర్చోకూడదన్నాడు, సామాను తియ్యమన్నాడు, దుకాణాలవాళ్లు ఊరుకోరన్నాడు. అతని పై జేబులో నల్లటి గొట్టం మెరుస్తోంది.

"తియ్యను," అన్నాడు జువాంగ్. "ముందు నీది తిప్పి చూడు."

కాపలావాడు విసుక్కుంటూ తీశాడు. కింద చూశాడు, తిప్పాడు. బ్యాటరీ నెత్తి మీది గీతను వేలితో తడిమాడు. కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులతో మెల్లగా, నిద్రపోయే పాపను దించినట్టు, దాన్ని ఇసుకలో పెట్టాడు.

తర్వాత గేటు లోపలికి తిరిగి, ఇంకా ఎవరూ తలుపులు ఎత్తొద్దని కేకేశాడు.